మంతీల గిన్నె మూత

షెర్గాజీ బైకే, అంటే షెర్గాజీ అన్న, మా ఇంట్లో ఎన్నడూ కూర్చుని టీ తాగలేదు. నిలబడే రొట్టె తుంచుకునేవాడు, నిలబడే టీ గిన్నె ఖాళీ చేసేవాడు. ఒకప్పుడు సమష్టి వ్యవసాయ క్షేత్రంలో రేడియో తీగలు చూసేవాడట. ఆ పని పోయాక, మా ఊరు అత్-బాషీలో ఎవరింట్లో వైఫై అందకపోయినా జేబులో కత్తెరతో దిగేవాడు. సిగ్నలు కావలసిన వైపు మళ్లేలా బీరు డబ్బాలు నిలువునా చీల్చి రూటరు వెనక రెక్కల్లా నిలిపేవాడు. అట్టకు చాక్లెట్ల రేకు అతికించేవాడు. అద్దాల బీరువాలు జరిపించేవాడు. పని కాగానే మరో గుమ్మం.

మా అమ్మతో మాత్రం నెగ్గలేదు. రూటరును అమ్మ తోర్‌లో, అంటే గుమ్మానికి ఎదురుగా పెద్దలను కూర్చోబెట్టే చోట, తగరపు రేకు తాపిన పెట్టె మీద పెట్టించింది. చుట్టూ రెండు మూరల మందాన మట్టిగోడలు. వంటింట్లోకి కూడా అందేది కాదు.

"కిటికీలోకి మార్చు, అపా. ఆ రేకు మీద దానికి ఊపిరాడదు," అనేవాడు అమ్మను అక్క వరసన పిలుస్తూ.

"లోకం కబుర్లు మోసుకొచ్చేదాన్ని మూల పడేయమంటావా? ముందు నువ్వు కూర్చో. తర్వాత దాన్నెక్కడ కూర్చోబెట్టాలో చెబుదువుగాని."

"కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి."

"నోటికి మాత్రం ఎక్కదు."

ఫిబ్రవరిలో అమ్మ పోయింది. పెరట్లో ఉన్ని గుడారం వేసి అందులో పడుకోబెట్టాం. ఆడవాళ్లు లోపల గోడవైపు తిరిగి శోకాలు పాడుతున్నారు. కొడుకుని కనుక మా ఆచారం ప్రకారం నేను బయట కర్రకు ఆనుకుని ఏడవాలి. అమ్మ చెల్లెలు జూరాకాన్ పిన్ని, మంచుకు కొండ కనుమ దారి మూసేయడంతో అవతల కొచ్కోర్‌లో చిక్కుకుపోయింది. ముందు పోయినవాళ్లకు మిగిలినవాళ్లు శోకం పాడాలని అక్కచెల్లెళ్లు చిన్నప్పుడే మాట ఇచ్చుకున్నారు. మధ్యాహ్నం నమాజుకు అమ్మను తీసుకెళ్లాలి. ఆలోపు పిన్ని ఫోనులోనైనా పాడాలి. మంచుకు సెల్ టవరు పనిచేయడం లేదు. ఇంట్లోకి వచ్చే ఇంటర్నెట్ తీగ ఒక్కటే బతికుంది. ఇంట్లో పిన్ని మొహం ఫోనులో కనిపిస్తోంది. గుడారంలో అడుగుపెడితే మాయమవుతోంది.

కబురందకముందే షెర్గాజీ బైకే వచ్చాడు. నేను పెట్టె మీది రూటరు తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. ఆవిడ ఇంకా గేటు దాటలేదు. దాటేదాకా ఇల్లు ఆవిడదే."

"ఇన్నాళ్లూ మార్చు మార్చు అని ప్రాణం తీశావుగా, బైకే."

"అప్పుడు వాదించడానికి మనిషి ఉంది."

గదంతా రెండుసార్లు తిరిగాడు. తోర్ దగ్గర నిలబడి గుమ్మంలోంచి చూశాడు. అక్కణ్నుంచి గుడారం తలుపు సూటిగా కనిపిస్తోంది.

"రెండు తలుపులూ బార్లా తీయండి. ఎవరూ అడ్డు నిలబడొద్దు."

"చచ్చినావిడతో పాటు మమ్మల్నీ పంపిస్తావా?" అంది చలికి ముడుచుకుంటూ ఒక ముసలామె.

"దుప్పటి కప్పుకో, ఎజే. నీకింకా టైముంది."

వంటింట్లోంచి అమ్మ మంతీలు, అంటే మాంసం కూరిన కుడుములు, ఆవిరి మీద ఉడికించే గిన్నె మూత తెచ్చాడు. చిన్న పళ్లెమంత అల్యూమినియం మూత. రూటరు వెనక నిలబెడితే జారిపోయింది. మెత్తల మధ్య ఇరికిస్తే ఒరిగిపోయింది. చివరికి పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే పట్టుకున్నాడు.

"వచ్చిందా?"

గుడారంలోంచి ఫోను పట్టుకున్న నా భార్య ఐజిరేక్ చెప్పింది. "వచ్చి పోయింది."

"ఇప్పుడు?"

"ఇంకాస్త వంచు... పోయింది. వెనక్కి. ఆఁ, కదలకు బైకే, కదలకు."

గేటు దగ్గర మగవాళ్లు నమాజుకు కాళ్లు చేతులు కడుక్కుంటున్నారు. పిన్ని గొంతు గుడారంలోంచి లేచింది. నాలుగు మాటలు వచ్చి తెగిపోయింది. పిన్ని ఎత్తుకున్న పల్లవిని లోపలి ఆడవాళ్లు పట్టుకుని, గొంతు తిరిగొచ్చేదాకా సాగదీశారు. మళ్లీ తెగింది, మళ్లీ పట్టుకున్నారు. కాసేపటికి ఎక్కడ తెగిందో బయట నాకు తెలియలేదు. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే గుర్రమెక్కి బడికి వెళ్లిన సంగతి పిన్ని పాడింది. అది నేనెప్పుడూ వినలేదు.

నమాజు కోసం అమ్మను బయటికి తెచ్చినప్పుడు గొంతు ఆగింది. నేను ఇంట్లోకి వెళ్లాను. షెర్గాజీ బైకే మూత పట్టుకుని అలాగే ఉన్నాడు. తెరిచిన తలుపులోంచి మంచుగాలి నేరుగా ఆయన మీదికి కొడుతోంది.

"అయిపోయింది, బైకే."

"మొత్తం పాడిందా?"

"మొత్తం."

మూత తీసుకోబోయాను. వేళ్లు విప్పలేకపోతున్నాడు. ఒక్కొక్కటే నేనే విప్పాను. లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"కాళ్లు తిమ్మిరెక్కాయి," అన్నాడు, తోర్‌లో కూర్చునే.