చదివినాకే సంతకం

మా పెద్దమ్మ పోయి పన్నెండు దినాలైంది. కృష్ణగిరి పెద్దాసుపత్రిలో, పొద్దున్నే, నేను కాఫీ తెచ్చేదానికి కిందికి దిగి మళ్ళా మెట్లెక్కే లోపల పోయింది. నర్సు నన్ను వార్డు వాకిట్లోనే నిలబెట్టి చెప్పింది. చేతిలో కాఫీ ఉండాది, ఏమి చేసేదో తెలియక నేనే తాగేసినాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు ఆ మాట.

గురుబరపల్లి పక్కన మా పల్లెలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మా అమ్మకి అక్క, నాకు పెద్దమ్మ, ఊరికంతా మెంబరమ్మ. పంచాయతీలో తొమ్మిదిమంది మెంబర్లు, వాళ్ళ మీద ప్రెసిడెంటు. మా వార్డు ఆడవాళ్ళకి వచ్చింది కాబట్టి మేకలు మేపుకునే ఇంటి మనిషి మెంబరు అయింది, లేకపోతే ఎవరు కానిస్తారు? గెలిచిన దినం కూడా మధ్యాన్నం దాకా దండలేసుకొని, మధ్యాన్నం మీద మేకల్ని తోలుకొని పోయింది.

మా పంచాయతీలో ఒక వాడుక ఉండాది. మీటింగు పెట్టరు, మీటింగు పుస్తకమే ఇల్లిల్లూ తిరుగుతుంది. క్లార్కు బండి మీద వచ్చి, తెల్లపేజీ తెరిచి, అడుగున వేలు పెట్టి చూపిస్తాడు. మెంబరు ఆడ సంతకం పెడితే సరి. పైన ఏమి రాసేదో తరవాత ఆఫీసులో రాసుకుంటారు. ఎవరి పనీ చెడదు, అందరూ మనోళ్ళే కదా అని నమ్మకం. మా పెద్దమ్మ కూడా మొదటి ఏడు అట్లనే పెట్టింది. సంగటి కెలికే కట్టె ఒక చేతిలో, పెన్ను ఒక చేతిలో. కొత్తగా నేర్చుకున్న సంతకం, ఎవరన్నా అడిగితే ఆమెకి సంతోషంగా ఉండేది.

అట్లా పెట్టిన పేజీల్లో ఒకదాని మీద మా గుట్టలో సగం పోయింది.

గుట్ట సర్కారు పొరంబోకు. తాతల నాటి నుంచి మా మేకలు, గొర్రెలు దాని మీదనే మేస్తాయి. గ్రానైట్ క్వారీకి ఇస్తే పంచాయతీకి ఏ అడ్డమూ లేదని తెల్లపేజీ నింపి పైకి పంపినారు. కంచె వేసినాకనే మాకు తెలిసింది. పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకొని ఆఫీసుకి పోయి పుస్తకం అడిగింది. పుస్తకం అరవంలో ఉంటుంది. ఆమెకి ఏ భాషా చదవను రాదు. నేను ప్లస్ టూ దాకా అరవంలోనే చదివినదాన్ని, చదివి చెప్పినాను. కింద ఆమె సంతకం, అందరి కంటే పెద్దగా, వంకరటింకరగా. దాని మీద వేలు పెట్టి "ఇది నాదే" అనింది. మూడు దినాలు మేకల్ని విప్పలేదు. ఆకు కోసుకొచ్చి కట్టిన చోటే వేసింది.

ఆ తరవాత క్లార్కు వస్తే తిన్నె మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది, సంతకం మాత్రం ఇచ్చేది కాదు.

"రాసుకొని రా అప్పా. చదివినాకే సంతకం."

"నీకు చదవను రాదు కదమ్మా?" అని వాడు నవ్వినాడు.

"మా అమ్మణ్ణికి వస్తుంది. అది చదివితే నేను చదివినట్లే."

ఆ అమ్మణ్ణి నేనే. ఇంట్లో బ్లౌజులు కుట్టుకునేదాన్ని. నా చదువు ఒక పనికి వస్తుందని నాకు చూపించింది ఆమె ఒక్కతే. పుస్తకం వచ్చిందంటే కుట్టు మిషను ఆపి పోవాల్సిందే. తేదీ కూడా విడవనిచ్చేది కాదు. వీధి దీపం, బోరు మోటారు, ఏదైనా సరే మొత్తం చదవాల. నాకు బేజారై ఒక వరస దాటేస్తే పట్టేసేది. "గొంతు రవంత తగ్గె. ఏమో మింగినావు, మళ్ళా చదువు" అనేది. అంతా అయినాక వేయించిన చెనక్కాయలు గుప్పెడు నా ఒడిలో పోసేది.

రెండేళ్ళకి మిగిలిన సగం గుట్ట కూడా కావాలని పైనుంచి మాట వచ్చింది. ఈసారి క్లార్కు కాదు, ప్రెసిడెంటే వచ్చినాడు. మా పెద్దమ్మకి తమ్ముడి వరస. చెడ్డవాడని చెప్పను. కూర్చున్నంతసేపూ ఆయన ఫోను మోగతానే ఉండాది.

"నాకు మాత్రం ఇష్టమా అక్కా? ఎమ్మెల్యే మనుషులు నన్ను తినేస్తా ఉండారు. వాళ్ళని కంపెనీ వాళ్ళు తింటా ఉండారు. తొమ్మిదిలో ఐదు సంతకాలు చాలు, నీది ఒకటి పెట్టు."

"నీకు ఫోన్లు వస్తాయి. నాకు సాయంత్రం మేకలు వస్తాయి, కడుపు ఎండిపోయి. ఎవురి మాట ఎవురు వినాలప్పా?"

"పైవాళ్ళతో మనకి ఏమిటికి అక్కా?"

"అవునని చెప్పేదానికి మెంబరు ఏమిటికి? తలకాయ గంగిరెద్దు కూడా ఊపుతుంది."

ఆయన కాఫీ తాగకుండా పోయినాడు. ఆమె మరునాటి నుంచి మెంబర్ల ఇళ్ళకి నడిచింది. నాలుగు మందిని కాళ్ళా వేళ్ళా పడి ఒప్పించింది. తెల్లపేజీకి వేలు కూడా తగిలించము అని వాళ్ళ చేత మేకపిల్ల మీద చేయి పెట్టించి ప్రమాణం చేయించింది. ఐదుమంది నిలబడినారు, తీర్మానం నిలబడలేదు. మిగిలిన సగం గుట్ట మిగిలింది. ఆ ఏడు ఆమె నడకే వేరుగా ఉండేది.

అంతలో వాళ్ళ ఐదేళ్ళూ అయిపోయినాయి. ఎలక్షన్లు రాలేదు. ప్రెసిడెంటూ లేడు, మెంబర్లూ లేరు. అందరికీ బదులు ఒక స్పెషల్ ఆఫీసరు. ఐదు సంతకాలకి తిరగాల్సిన పని ఎవరికీ లేకపోయె, ఒక్కటే చాలు. "ఇంక పుస్తకం మన ఇంటికి రాదు కదే" అనింది పెద్దమ్మ. ఆ నెలలోనే మంచం పట్టింది. మూత్రపిండాలు చెడిపోయినాయి అన్నారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాల. ఇది చెప్పకుండా ఆమె గురించి మంచి మాటలు రాస్తే నా చేయి కుళ్ళిపోతుంది.

పంచాయతీ ఆఫీసు గోడ మీద కాగితం అంటించినారు. మిగిలిన సగం గుట్ట క్వారీకి ఇస్తా ఉండాము, అడ్డం చెప్పేవాళ్ళు ఫలానా తేదీ లోపల కలెక్టరాఫీసులో మనవి రాసి ఇవ్వాల అని. ఆసుపత్రికి అన్నం తీసుకొని పోతా చదివినాను. మా ఆయన ఆ క్వారీలోనే టిప్పరు తోలతాడు. ఇంట్లో చెప్పినాను. "మనకి కూడు పెట్టేది అదే. నువ్వు చూడలేదు అనుకో" అన్నాడు. నేనూ అట్లనే అనుకున్నాను.

ఆ దినం మంచం మీద నుంచి పెద్దమ్మ అడిగింది. "ఆఫీసు గోడకి ఏమన్నా అంటించినారా అమ్మణ్ణీ?"

"ఏమీ లేదు పెద్దమ్మా. గుట్ట గుట్ట మాదిరే ఉండాది."

నా గొంతు తగ్గింది. నాకే వినిపించింది. ఆమె నన్ను చూసింది, శానాసేపు చూసింది. మళ్ళా చదువు అనలేదు. మొగం గోడ పక్కకి తిప్పుకునింది. నమ్మిందో, నన్ను విడిచిపెట్టేసిందో, ఎవరిని అడిగేది ఇప్పుడు?

నిన్న పొద్దున మేకలోళ్ళ ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది మా వాకిట్లో వచ్చి కూర్చున్నారు. గోడ మీది కాగితం ఊడబెరుక్కొని వచ్చినారు.

"మెంబరమ్మ లేదు. నువ్వన్నా చదివి చెప్పమ్మా."

మా ఆయన లోపల సంగటి తింటా ఉండాడు. నేను చదివినాను. నెంబరు, తేదీ, నాలుగు దిక్కుల హద్దులు, ఒక్క అక్షరం విడవలేదు. ముందర కూర్చున్న అవ్వ అడిగింది.

"గడువు ఎప్పటిదాకా?"

"అయిపోయిందవ్వా. పెద్దమ్మ పోయేదానికి మూడు దినాల ముందరే."

"నీకు తెలుసునా?"

"తెలుసు."

మోకాళ్ళ మీద చేతులు ఊనుకొని ఒకరొకరే లేచినారు. అవ్వ నా చేతిలో కాగితం తీసుకునింది. ఆమెకి కూడా చదవను రాదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, కొంగు చివర వేసి, పంటితో గట్టిగా ముడి బిగించి, గుట్ట దారి పట్టింది.