ఒకే వార్డుల రెండు బిల్లులు

మా ఆయనకు పొద్దుగాల కడుపుల నొప్పి లేసింది. సిమెంటు పనికి పోదామని సద్ది కట్టుకున్న మనిషి గడపకాడనే కూలబడ్డడు. నేను ఒళ్ళోని బీడీల చాట పక్కకు పెట్టి, మా ఊరి ఆర్ఎంపీ డాక్టరుకు ఫోన్ చేసిన. మాది బుగ్గారం దిక్కు పల్లె. మా ఇద్దరు పిల్లలకు పుట్టినకాంచి ఆయన్నే సూదులేసిండు. ఫోన్ చేస్తె పది నిమిషాలల్ల బండి మీద వస్తడు. పైసలు లేకుంటే తర్వాత ఇయ్యిమంటడు.

వచ్చి కడుపు కుడిదిక్కు ఒత్తి చూసిండు. "అక్కా, ఇది నాతోని అయ్యేది కాదు. జగిత్యాల పోవాలె" అన్నడు. ఆయన్నే ఆటో మాట్లాడిండు, ఆయన్నే ముందల కూసున్నడు. దవాఖానకాడ నాకు చాయ్ ఇప్పిచ్చి, దాని పైసలు గూడ ఆయన్నే ఇచ్చిండు. తోడబుట్టినోడు గూడ గింత చెయ్యడనుకున్న.

స్కానింగ్ అయింది, రక్త పరీక్షలైనయి. అపెండిక్స్, ఇయ్యాల్నే ఆపరేషన్ చెయ్యాలన్నడు పెద్ద డాక్టరు. సర్కారు కార్డు ఈ దవాఖానల నడవదన్నరు. ఎంతైతది సార్ అని అడిగితె కౌంటర్ల చెప్తరన్నడు. కౌంటర్ల పిల్లనడిగితె, డాక్టర్ సార్ కేసు చూసి చెప్తడన్నది. ముందుగాల ఇరవై వేలు కట్టుమన్నది, మిగిలింది డిశ్చార్జి నాడు చూద్దామన్నది. నేను గోడలన్నీ చూసిన. బయట చాయ్ డబ్బా మీద చాయ్ ఎంత, ఇడ్లీ ఎంత అని రాసి ఉంది. ఈడ డాక్టర్ల పేర్లున్నయి, వాళ్ళ సదువులున్నయి, దేనికెంతో మాత్రం ఒక్క అక్షరం లేదు.

నేను ఆర్ఎంపీ దిక్కు చూసిన. "నువ్వు ఫికర్ చెయ్యకు అక్కా, నేను మాట్లాడిన. మీకు ఎక్కువ కాకుంట చూసుకుంట" అన్నడు. మనిషి నొప్పికి మెలికలు తిరుగుతుంటె ఇంకేం అడుగుత? సంతకం పెట్టిన.

వార్డుల పక్క మంచం మీద కోరుట్ల నుంచి వచ్చిన టైలర్ ఉండె. ఆయనది గూడ అపెండిక్సే. గదే రోజు, గదే డాక్టరు. మా ఆయన బయటికి రాంగనే ఆయన్ని లోపలికి తీస్కపోయిన్రు. ఆయన భార్య నాకంటె పెద్దది. ఇంట్ల ఉర్దూ మాట్లాడుకునేటోళ్ళు గని నాతోని తెలుగే గలగల మాట్లాడేది. నేను ఆపా అన్న, ఆమె నన్ను చెల్లె అన్నది. ఆమె కిందికి పోతె ఇద్దరు మొగోళ్ళను నేను చూసుకున్న, నేను పోతె ఆమె చూసుకున్నది. అందుకే నాకు బాగ ఎరుక, ఇద్దరికీ ఒకటే సూదులు, ఒకటే గోలీలు. సెలైన్ సీసాలు గూడ ఒక్క తీరుగనే ఎక్కిచ్చిన్రు.

నాలుగో రోజు ఇద్దరికీ డిశ్చార్జి అన్నరు, బిల్లులు తెచ్చిచ్చిన్రు. నాది యాభై ఎనిమిది వేలు. ఆపాది ముప్పై ఆరు.

ముందు నేను తప్పు చదివిన్ననుకున్న. ఆపా చేతిల పెట్టి చూడుమన్న. ఆమె రెండు కాయితాలు మంచం మీద పరిచి, వేలు పెట్టుకుంట చదివింది. ఆపరేషన్ థియేటర్‌కు ఆమెకు ఎనిమిది వేలు, నాకు పదమూడు. బెడ్డు కిరాయి, ఒకటే గదిల ఒకటే ఫ్యాను కింద, ఆమెకు రోజుకు పన్నెండు వందలు, నాకు రెండు వేలు. కింద 'ఇతర ఖర్చులు' అని నాకు తొమ్మిది వేలు. ఆమె కాయితం మీద ఆ లైనే లేదు. మంచం పట్టె పట్టుకొని కూసున్న. ఏమైందే అని మా ఆయన అడుగుతనే ఉన్నడు.

"లే చెల్లె, అడుగుదాం పా" అని ఆపానే నా చెయ్యి పట్టి కౌంటరుకాడికి తీస్కపోయింది.

కౌంటరు పిల్ల ముందు, ఒక్కొక్క కేసు ఒక్కొక్క తీరుగ ఉంటదన్నది. ఆపా రెండు బిల్లులు ఆమె ముందల పెట్టి, ఏడ వేరున్నదో చూపియ్యిమన్నది. ఆ పిల్ల అటిటు చూసింది. గొంతు తగ్గించి నన్నడిగింది.

"మీరు ఎవరి తోటి వచ్చిన్రు?"

మా ఊరి డాక్టరుతోని అన్న.

"వాళ్ళు సొంతంగ వచ్చిన్రు" అన్నది, ఆపాను చూపెట్టి. అంతే. మళ్ల కంప్యూటర్ దిక్కు తిరిగింది.

ఆపాకు ఎంటనే సమజైంది. నాకు కాలే. ఆమె నన్ను పక్కకు తీస్కపోయి చెప్పింది, పేషెంటును తెచ్చినోనికి వాటా ఉంటదని, ఆ వాటా మన బిల్లుల్నే కలుపుతరని. నేను నమ్మలే. గాయన గసొంటోడు కాదు ఆపా, మా పిల్లలకు జ్వరమొస్తె వానల గూడ వచ్చిండు అని చెప్పుకుంట చెప్పుకుంట మధ్యల్నే ఆగిపోయిన.

గంతల సిరిసిల్ల నుంచి మా అన్న వచ్చిండు. బట్ట నేసే సాంచలు నడుపుతడు, రోజు కూలి. సాంచల ఆసామి దగ్గర అడ్వాన్సు తీసుకొని మిగిలిన పైసలు తెచ్చిండు. అది తీరేదాంక అన్న గా ఆసామిని ఇడిచి వేరేకాడికి పోరాదు. సంగతి చెప్తె ఆయన మొఖం ఎర్రగైంది. మేనేజరు గదిలకు పోయి గట్టిగనే అడిగిండు. మేనేజరు కోపం చెయ్యలే. కూసోవెట్టి, మంచినీళ్ళిచ్చి, మూడు వేలు తగ్గించిండు. బయటోళ్ళకు ఇచ్చేది ఇచ్చేసినం, గంతకంటె తగ్గియ్యరాదన్నడు. ఎవలా బయటోళ్ళని అన్న అడిగితె నవ్విండు. కట్టక ఏం చేస్తం, కట్టినం.

వారం రోజులకు కుట్లు ఇప్పనీకి ఆర్ఎంపీ మా ఇంటికి వచ్చిండు. ఆయన పని చేసుకుంట ఉంటె, మా దాంట్ల మీకెంత వచ్చింది సార్ అని అడిగిన. కాదంటడు, ఒట్టేస్తడు, లేకుంటే కోపానికొస్తడు అనుకున్న. ఆయన చేతుల కత్తెర గూడ ఆగలే.

"పదిహేను వేలు అక్కా. మీరు సూదికి ఇచ్చేది యాభై. గా యాభైతోని నా ఇల్లు నడుస్తదా? గీ పని చెయ్యని ఆర్ఎంపీ ఏ ఊర్లె ఉన్నడో చూపెట్టు."

బిల్లు చూసినప్పటికంటె గా మాటకు ఎక్కువ బిత్తరపోయిన. ఆయనకు దాసిపెట్టాలన్న ఆలోచనే లేదు. మొదటి రోజు ఆటోల అడిగినా చెప్పేటోడేమో. అడగాలని నాకెరుకలేదు. కుట్లు మాత్రం మా ఆయనకు నొప్పి తెల్వకుంట ఇప్పిండు. పైసలు వద్దన్నడు. నేను యాభై రూపాయల నోటు తెచ్చి ఆయన సంచి మీద పెట్టిన. తీసుకొని పోయిండు.

నెల దాటినంక ఆపా ఫోన్ చేసింది. మీ ఆయన పనికి పోతుండా అని అడిగింది. పోతుండన్న. ఆమె గొంతు ఎప్పటి లెక్క లేదు. వాళ్ళ మరిదికి గదే ఆపరేషన్ కోరుట్లల్నే అయిందట, గది గూడ సొంతంగ పోతెనే. ఇరవై నాలుగు వేలైందట. నిన్ను చూసి అయ్యో అనుకున్న చెల్లె, నేను సరైన రేటుకే కట్టిన్ననుకున్న అన్నది.

"మరి అసలు రేటెంత ఆపా?"

"ఎవలనడిగితె చెప్తరు చెల్లె?" అన్నది.