పెద్దమ్మ వదులు చేసిన కుట్లు

మా పెద్దమ్మ దర్జీ. తన నీడను తానే నమ్మని మనిషి. గుడ్డ కొన్నాక కొట్టువాడి ఎదుటే తన టేపుతో మళ్లీ కొలుస్తుంది. ఇంటికొచ్చాక ఇంకోసారి కొలుస్తుంది, దారిలో ఎవరైనా కత్తిరించుకుపోయారేమోనని. కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే ఏమిటో నేను ఆవిడ దగ్గరే చూశాను.

ఆవిడ కూతురు, మా అక్క, రెండోసారి కడుపుతో ఉంది. తొలి కాన్పులో బీపీ పెరిగి, ఫిట్స్ వచ్చి, బిడ్డ దక్కలేదు. అందుకే ఈసారి ఆస్పత్రిలో ముందునుంచే రోజూ ఒక చిన్న మాత్ర వేసుకోమన్నారు. బీపీకీ, మూత్రం పరీక్షకీ వారం వారం రమ్మన్నారు.

"బాగున్న పిల్లని ఇన్నిసార్లు ఎందుకు తిప్పుతున్నారే? ఏదో దాస్తున్నారు," అనేది పెద్దమ్మ నాతో. ఆ మాత్రను వెలుతురుకు పట్టి మరీ చూసేది. అయినా అక్కను ఒంటరిగా పంపేది కాదు. అనుమానం ఎంతో భయమూ అంతే.

ఎనిమిదో నెలలో ఒక వారం బీపీ ఎక్కువ చూపించింది. నర్సమ్మ మొహం మారింది.

"ఒళ్లు ఉబ్బుతోందా అమ్మా? జాకెట్లు బిగుతవుతున్నాయా?"

"లేదండీ, వదులుగానే ఉన్నాయి," అంది అక్క.

"విన్నావా? పాడైంది నీ మెషీనే," అంటూ పెద్దమ్మ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. "ముందు నాకు పెట్టు, చూద్దాం."

నర్సమ్మ విసుక్కోకుండా పెట్టింది. పెద్దమ్మకు అంతా సరిగ్గానే ఉంది. మళ్లీ అక్కకు పెడితే ఇందాకటికన్నా ఎక్కువ. మూత్రంలో ప్రోటీన్ పోతోందని కూడా తేలింది.

పెద్దమ్మ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. ఆవిడ చూపు అక్క జాకెట్టు చేతి మీదే ఉంది.

"బిగుతయ్యాయమ్మా," అంది చివరికి. "చేతి మీద కుట్టు గీత పడుతుంటే నేనే విప్పి వదులు చేశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. దానికి తెలీదు. పిల్ల ఒళ్లు చేస్తోందని మురిసిపోయాను."

అందరినీ అనుమానించిన మనిషి తన సూదిని మాత్రం అనుమానించలేదు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

అక్కను అప్పటికప్పుడు చేర్చుకున్నారు. బిడ్డ నెల ముందుగా పుట్టింది. జానెడు పిల్ల, గొంతు మాత్రం వార్డంతా వినిపించింది. తల్లీ బిడ్డా దక్కారు.

ఇప్పుడు జాకెట్టు వదులు చేయమని ఏ గర్భిణి వచ్చినా పెద్దమ్మది ఒకటే ప్రశ్న.

"బీపీ చూపించుకున్నావా?"

"చూపించుకున్నానండీ."

నమ్ముతుందా మా పెద్దమ్మ! కత్తెర పక్కన పడేసి, ఆ పిల్లను వెంటబెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరుతుంది. నర్సమ్మ కూడా ఆవిడను చూడగానే, అడిగించుకోకుండా, బీపీ పట్టీ ముందు పెద్దమ్మ చేతికే చుడుతుంది.