ఓడిపోదామని కూర్చున్న ఆట

చదరంగంలో ఓడిపోవడానికి కూడా తెలివి కావాలండీ. అది లేక నేనేం పోగొట్టుకున్నానో చెబుతాను, హాయిగా నవ్వుకోండి.

డెబ్బైల చివర్లో జంషెడ్‌పూర్‌లో ఒక వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. మా ఫోర్‌మన్ సూర్నారాయణ గారికి చదరంగం పిచ్చి. భోజనాల వేళ ఆయన చేతిలో ఓడినవాడికే సెలవు చీటీ మీద సంతకం. నాకేమో ఆదివారం ఆముదాలవలసలో పెళ్ళిచూపులు, శనివారం మూడింటికి టాటానగర్‌లో బండి. పిల్ల ఫొటో చూసిన దగ్గర్నుంచి నాకు తిండి సయించడం లేదు.

"బేగి ఓడిపోరా బాబూ," అన్నాడు పక్క మెషీను అప్పన్న.

దానికి నా దగ్గర మందుంది. ఆట నేర్పే పుస్తకాల్లో 'చచ్చినా ఇలా మొదలుపెట్టకండి' అని చూపించే ఆరంభం ఒకటుంది. రాజుకి కుడిపక్కనున్న రెండు బంట్లని జరిపి, రాజుగారి గుమ్మం బార్లా తెరవడం. ఎదుటివాడు మంత్రిని ఒక్కసారి ఏటవాలుగా దూకిస్తే ఆట కట్టు!

శనివారం భోజనాల వేళ అలాగే తెరిచి పెట్టాను. క్యాంటీనంతా చుట్టూ మూగింది. ఫోర్‌మన్ గారు గడ్డం గోక్కుని, గోక్కుని, గుర్రాన్ని కదిపారు. అదీ ఎందుకూ పనికిరాని గుర్రాన్ని!

నేను ఓ మూల బంటుని జరిపి ఎదురుచూశాను. ఆయనా ఓ మూల బంటునే జరిపారు. నేను గోడ గడియారం వంక చూశాను.

"ఏటా కంగారు? ఆట నిదానంగా ఆడాల."

"ఆడతన్నాను సార్."

సైరన్‌కి ఐదు నిమిషాలుంది. ఆయన చెయ్యి మంత్రి మీదికి వెళ్ళింది. నా ప్రాణం లేచొచ్చింది. చెయ్యి మళ్ళీ వెనక్కి పోయింది. ఇక నా వల్ల కాలేదు.

"సార్, అదే! మంత్రే! ఆ చివరికంటా జరిపీండి, నా పనైపోద్ది!"

ఆయన బల్లని చూశారు, నన్ను చూశారు.

"నాకే ఎత్తు సెప్తన్నావేటి? అంటే ఇన్నాళ్ళూ అందరూ ఇలాగే ఓడినారా? ఏరా అప్పన్నా?"

అప్పన్న తల కంచంలోకి దించేశాడు. ఆయన మొహం చూస్తే, నిజం చెప్పొద్దూ, నాకే ఏడుపొచ్చింది.

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. "సోమవారం రా. ఠీక్ సే ఆడి నన్ను ఓడించు. అప్పుడు సంతకం."

ఇంటికి టెలిగ్రాం కొట్టాను. మావాళ్ళు నా బదులు పిల్లని చూడ్డానికి పెదనాన్నగారి అబ్బాయిని పంపించారు. ఆ అన్నయ్య తనకే తాంబూలాలు పుచ్చుకుని మరీ వచ్చాడు. సోమవారం నేను గెలిచాను, సంతకమూ అయింది. ఆ సెలవు అన్నయ్య పెళ్ళికి పనికొచ్చింది.

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఎదుటివాళ్ళు ఏది చూసుకోకపోయినా ఈ జన్మలో నేను నోరు విప్పను. మొన్న కూడా వదిన కాఫీ గ్లాసు చేతికిచ్చి, "పంచదార సరిపోనాదా మరిదీ?" అంది. వెయ్యడమే మర్చిపోయింది.

"సరిపోయింది వదినా," అని గుటుక్కున మింగేశాను.