ఆ వీపు ఎవరిదో చూడటానికి కార్వేటినగరం వెళ్ళాను

ఈసారి నన్ను ఇంట్లోంచి కదిలించింది గుడీ కాదు, కోటా కాదు, ఒక వీపు. మురళి బొమ్మలు గీస్తాడు. మేమిద్దరం మగవాళ్ళం, ఆరేళ్ళుగా తిరుపతిలో కాపురం చేస్తున్నాం. ఈ మాట ఈ బ్లాగులో రాయడం ఇదే మొదలు. గంగమ్మ జాతరలో మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి ఆడవేషం వేసే మగవాళ్ళ మీద వరసగా బొమ్మలు వేయాలని, మురళి రెండు నెలల కిందట కార్వేటినగరంలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. వారానికోసారి ఇంటికి వస్తానన్నవాడు రావడం మానేశాడు. పోయిన వారం ఫోన్లో ఒక ఫోటో పంపాడు. సగం గీసిన బొమ్మ, అందులో విశాలమైన మగ వీపు, కింద "బాగా వస్తోంది" అని ఒక్క ముక్క. నాకు కడుపు మండిపోయింది.

తిరుపతి బస్టాండులో పొద్దున ఏడింటికి పుత్తూరు బస్సు ఎక్కాను. వడమాలపేట మీదుగా గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది, టికెట్టు అరవై లోపే. కిటికీ పక్కన కూర్చుంటే కొండలు బాగా కనిపిస్తాయని మామూలుగా అయితే రాసేవాణ్ణి. ఆ రోజు నేను చూసింది ఫోన్లోని ఆ ఫోటోనే, పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి. పుత్తూరులో ముప్పై రూపాయలకు ఇడ్లీ తిన్నాను. పక్కవాళ్ళు చట్నీ మళ్ళీ మళ్ళీ వేయించుకుంటున్నారు కాబట్టి బాగున్నట్టే. అక్కడి నుంచి కార్వేటినగరానికి బస్సులున్నా షేర్ ఆటో తొందరగా దొరుకుతుంది, మనిషికి ముప్పై.

ఆటో డ్రైవరు దేవరాజు నలభై దాటినవాడు, మాటకారి. నేను దిగాల్సిన చోటు చెప్పగానే వెనక్కి తిరిగాడు. "ఆ బొమ్మలేసే ఆయప్ప ఇల్లా సామీ? నేనూ ఆడికే పోతా ఉండా. దినామూ రెండు గంటలు నన్ను కుర్చీలో కుసోబెడతాడు."

అప్పుడు చూశాను, నా ముందు సీటులో ఉన్న ఆ వీపును. "విసుగు పుట్టదా?" అన్నాను, గొంతు మామూలుగా ఉంచుకుని.

"ఏంటికి పుడతాది? ఆయప్ప సూస్తా ఉంటే మనసుకు ఏమో బాగుంటాది. నన్నట్లా ఎవురూ సూడలేదు."

అతను అమాయకంగానే అన్నాడు. నాకు మాత్రం ఆటోలోంచి దూకేయాలనిపించింది.

గది పాత కోటకు దగ్గరలోనే ఉంది. మురళి తలుపు తీసి నవ్వాడు, చేతులనిండా రంగు. గోడలనిండా దేవరాజే. బొమ్మలన్నీ సగంలో ఆగి ఉన్నాయి. నడుము దాకా మనిషి రంగుల్లో ఉన్నాడు, నడుము కింద చీర ఇంకా బొగ్గు గీతల్లోనే ఉంది. ఎందుకలా అని అడిగితే దేవరాజే చెప్పాడు. "జాతర కాకుండా చీర కట్టను సామీ. అది అమ్మకు మొక్కింది." అందుకని మురళి జాతర దాకా ఆగుతాడట. సినిమాకు వెళ్ళేటప్పుడు నేను చొక్కా మార్చుకునేదాకా ఆగని మనిషి, దేవరాజు చీర కోసం మూడు నెలలు ఆగుతాడట.

మధ్యాహ్నం దేవరాజు భార్య కుమారి రాగి సంగటి, చెనక్కాయల చట్నీ తెచ్చింది. ఏటా తన పెళ్ళిచీరే మొగుడికి కడుతుందట, కుచ్చిళ్ళు ఆమే పెడుతుందట. "మీ ఆయన రోజూ ఇక్కడే కూర్చుంటే మీకు కోపం రాదా?" అని ఉండబట్టలేక అడిగేశాను.

"సూసుకోనీలే అన్నా. పొద్దుగూకితే మా ఇంటికే కదా వస్తాడు." ఆమె గోడలన్నీ ఒకసారి చూసింది. "మీరిద్దురూ ఒక ఇంట్లో మనుషులే కదా. ఈడ నీ మొగం ఏంటికి లేదు?"

మురళి తలెత్తలేదు. "ఆయనే వద్దన్నాడు," అన్నాడు.

నిజమే. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఎవరైనా గుర్తుపడతారని, నా మొహం గీయకూడదని మొదట్లోనే షరతు పెట్టాను.

"ఇప్పుడు గియ్యి," అన్నాను. పోట్లాటకు దిగినట్టు వచ్చింది మాట.

"ఎవరన్నా చూస్తే?"

"చూడనీ."

దేవరాజు సంగటి పళ్ళెం పట్టుకునే కుర్చీలోంచి లేచాడు. నేను కూర్చున్నాను. మురళి కొత్త కాగితం బిగించి నా వంక చూశాడు. ఆరేళ్ళలో అతని చూపు నా మొహం మీద అంతసేపు ఎప్పుడూ నిలవలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, లేవాలని మాత్రం అనిపించలేదు. "మూతి అట్లే ముడుచుకొని ఉండు," అన్నాడు. "నాకు అదే కావాల."

ఆ బొమ్మ ఇంకా పూర్తి కాలేదు. ఇప్పటికి ఒక కన్నూ, కుళ్ళుతో బిగిసిన పెదవులూ వచ్చాయి. జాతర అయ్యాక మిగతావాటితో పాటు దాన్నీ తిరుపతిలో జనం ముందు పెడతాడట. మా బ్యాంకువాళ్ళూ రావచ్చు. తలుచుకుంటే భయంగానే ఉంది. దేవరాజు మీద కుళ్ళు పోయిందని అబద్ధం చెప్పను, ఆ వీపు నిజంగానే బాగుంది. కానీ ఆ గోడల మీద నేను లేకపోవడం కన్నా ఈ భయమే నయం.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. పదిన్నరకల్లా చేరేలా బయలుదేరండి, అప్పుడు గదిలో వెలుగు బాగుంటుంది, ఎవరొచ్చినా మురళి విసుక్కోకుండా బొమ్మలు చూపిస్తాడు. ఆదివారం మాత్రం వద్దు. ఆదివారాలు ఆ కుర్చీ నాది, అతను ఇంకెవరి వంకా చూడడు.