ముందూ వెనకా సస్పెన్షన్

చేతిలో మైకు ఉన్న మనిషి తన కొంప తానే ఎంత చక్కగా ముంచుకోగలడో తెలియాలంటే, నా పెళ్ళి ఎలా తప్పిపోబోయిందో వినాలి. అదీ ఒక సైకిలు వల్ల. సైకిలు మీంచి పడ్డానేమో అనుకునేరు, దాన్ని ఎక్కనే లేదు. దాని గురించి నాలుగు మంచి మాటలు చెప్పానంతే.

అప్పట్లో నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతుండేవాణ్ణి. ఊళ్ళో ఏ సభ జరిగినా వ్యాఖ్యానానికి నన్నే పిలిచేవాళ్ళు. నా కంఠం చూసి పిలుస్తున్నారని నేను అనుకునేవాణ్ణి. ఊరికే వస్తానని పిలుస్తున్నారని మిగతా అందరికీ తెలుసు.

నా స్నేహితుడు కోటేశ్వరరావుకి హైవే పక్కన సైకిళ్ళ షాపు ఉంది. ఒక కంపెనీ తన కొత్త మౌంటెన్ బైకుల్ని అమ్మకానికి పెట్టకముందే జనానికి చూపించాలని వాడి షాపును ఎంచుకుంది. మన వైపు కొండలెక్కేవాళ్ళు ఎవరున్నార్రా అని అడిగితే, కొండలు లేకపోతే పోయె, పొలాల డొంకలున్నాయిగా అన్నాడు. సభకి మైకు నాదే అని కూడా వాడే తేల్చేశాడు.

వాడి మనసులో ఇంకో లెక్క ఉంది. వాడి భార్య వైపు బంధువు సత్యనారాయణ గారని ఒకాయన జగ్గయ్యపేటలో ఉంటారు, ప్రభుత్వోద్యోగి. ఆయన కూతురు హారికకి నన్ను అనుకుంటున్నారు. ఫొటో చూసిన రోజు నుంచి నేను పాఠం మధ్యలో పద్యాలు మరిచిపోతున్నాను. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని నేను తీర్మానించేశాను. అవతల ఇంకా ఎవరూ ఏమీ తీర్మానించలేదు. కోటి ఆయన్నే ముఖ్య అతిథిగా పిలిచాడు. కుటుంబంతో వస్తారు, నువ్వు మైకులో దంచెయ్, పెళ్ళిచూపులు అక్కడే అయిపోతాయి అని ధైర్యం చెప్పాడు.

"ఒక్కటి గుర్తుపెట్టుకోరా" అన్నాడు వెళ్ళబోతూ. "ఆ మధ్య ఆయన్ని సస్పెండ్ చేశారు. ఎవరో చేసిన తప్పుకి. తర్వాత ఈయన తప్పేం లేదని తేల్చి మళ్ళీ తీసుకున్నార్లే. కానీ ఆ మాట వింటే చాలు, మనిషి ముడుచుకుపోతాడు. ఆయన ముందు ఇంకేమన్నా అనుగానీ సస్పెన్షన్ అన్న మాట ఎత్తమాక."

సైకిళ్ళ సభలో ఆ మాటతో నాకేం పనిరా అని నవ్వాను. మీకు ఈ కొత్త రకం సైకిళ్ళతో పరిచయం ఉంటే మీరూ ఈపాటికి నవ్వుతుంటారు. నాకు లేదు, అదే వచ్చిన చిక్కు.

సభ రోజు పొద్దున్నే కంపెనీ కుర్రాడు వ్యానులో సైకిళ్ళు దింపి, వాటి సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. గోతుల్లో కుదుపు తెలియకుండా చక్రాల దగ్గర స్ప్రింగుల ఏర్పాటు ఉంటుందట. దాన్ని సస్పెన్షన్ అంటారట. ఒకదానికి ముందు సస్పెన్షన్, ఇంకోదానికి ముందూ వెనకా సస్పెన్షన్. దీనికి వేరే పేరేమీ లేదా బాబూ అని బతిమాలాను. అతనికి తెలుగు అంతంతమాత్రం. "ఈ ఇయర్ మాది కొత్త అంటే సస్పెన్షనే సార్, అది బాగా చెప్పాలి" అన్నాడు.

తెలుగు మేష్టార్ని, ఒక మాటకి బదులు ఇంకో మాట పుట్టించలేనా అనుకున్నాను. 'కుదుపు నివారణి' అని పుట్టించాను. మోటారు సైకిళ్ళకి అన్నట్టు షాకులు అంటే ఊరంతటికీ అర్థమయ్యేది. ఆ మాట సభంతా ముగిశాక, రాత్రి ఇంటికెళ్ళి స్నానం చేస్తున్నప్పుడు తట్టింది.

సాయంత్రం షాపు ముందు షామియానా నిండిపోయింది. ముందు వరసలో సత్యనారాయణ గారు, ఆయన భార్య, పక్కన హారిక. ఫొటో కంటే బాగుంది. మొదటి సైకిలుకి స్ప్రింగులే లేవు గనక దాని గేర్ల గురించి, బ్రేకుల గురించి గలగలా చెప్పేశాను. రెండోదాని దగ్గర, ముందు చక్రానికి కుదుపు నివారణి అమర్చబడి ఉన్నదని గంభీరంగా ప్రకటించాను. అంటే ఏంటండీ అని వెనక నుంచి ఎవరో అడిగారు. నాకు సాయం చేద్దామని కంపెనీ కుర్రాడు మైకులోకి వంగి, "సస్పెన్షన్" అన్నాడు.

సత్యనారాయణ గారు నిటారుగా కూర్చున్నారు.

మూడోదానికి ఆ స్ప్రింగుల్ని ఆపేసుకునే మీట ఉంది. దాన్ని ఎలా చెప్పాలా అని నేను తడుముకుంటుంటే, కుర్రాడు మళ్ళీ అందుకుని, "సస్పెన్షన్ కావాలంటే పెట్టండి, వద్దంటే ఎత్తెయ్యండి" అన్నాడు. ఊళ్ళో ప్రభుత్వోద్యోగులు కూర్చున్న వైపు నుంచి ఒక నవ్వు వినిపించింది. హారిక తల దించుకుంది. అప్పటికి నా బుర్రలో రెండే మిగిలాయి, అనకూడని మాట ఒకటి, పిలవాల్సిన పేరు ఒకటి.

చివరి సైకిలు మీద గుడ్డ కప్పి ఉంది. దానికి ముందూ వెనకా స్ప్రింగులే, ఆ రకాన్ని ఫుల్ సస్పెన్షన్ అంటారు. ముఖ్య అతిథి వచ్చి ఆ గుడ్డ తీయాలి. గొంతు సవరించుకున్నాను.

"ఇప్పుడు మన ఫుల్ సస్పెన్షన్ గారు వేదిక మీదకి విచ్చేసి, ఈ సత్యనారాయణను ఆవిష్కరించవలసిందిగా కోరుతున్నాను."

అక్కడితో మైకు పారేసి పరిగెత్తినా బతికిపోయేవాణ్ణి. దిద్దుకోబోయాను.

"క్షమించాలి. సస్పెన్షన్ ఉన్నది సైకిలుకండీ. ఆయనకి ఎప్పుడో ఎత్తేశారు."

ఇక చూసుకోండి. వెనక వరసలో వాళ్ళు కుర్చీలు పట్టుకుని నవ్వారు. కోటి మాత్రం తలపట్టుకున్నాడు. సత్యనారాయణ గారు నెమ్మదిగా లేచి వచ్చి గుడ్డ తీశారు. సీటు మీద అరచెయ్యి పెట్టి ఒకసారి నొక్కి చూశారు. అది దిగి మళ్ళీ లేచింది. అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళి కూర్చున్నారు.

సభ అయ్యాక షాపు లోపలి గదిలో ఆయన టీ తాగుతుంటే వెళ్ళాను. కాళ్ళ మీద పడదామంటే టైర్లు అడ్డం. నిలబడే క్షమాపణ చెప్పాను. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ పిల్ల చేతికందకుండా పోయిందన్న బాధ ఒకటి, పెద్దమనిషిని నలుగురిలో నవ్వులపాలు చేశానన్న సిగ్గు ఒకటి.

ఆయన టీ పూర్తిగా తాగి గ్లాసు పక్కన పెట్టారు.

"నా సస్పెన్షన్ ఎత్తేసి ఏడాది దాటింది బాబూ. ఇవాళ్టి నుంచి నీది మొదలు."

"అంటే ఈ సంబంధం వద్దంటారాండీ?"

"వద్దంటే దాన్ని డిస్మిస్ అంటారు. ఇది సస్పెన్షన్. ఎంక్వైరీ ఉంటుంది. ఎంక్వైరీ ఆఫీసరు మా అమ్మాయి."

ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. ఏడిపించానని హడలిపోయాను. తీరా చూస్తే నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్ళు.

"మా ఇంట్లో ఆ మాట ఎవరం అనమండీ" అంది వాళ్ళ నాన్న బయటికెళ్ళాక. "నాన్న తన నోటితో అనడం ఇదే మొదటిసారి. అదీ నవ్వుతా అన్నారు." మళ్ళీ కళ్ళు తుడుచుకుని, "ఆదివారం ఎంక్వైరీకి రండి. మైకు తేవద్దు" అంది.

పెళ్ళయి కొన్నేళ్ళయింది. ఎంక్వైరీ ఇంకా నడుస్తోంది. రిపోర్టు ఎప్పుడిస్తావంటే, ఇంకా కొందరు సాక్షుల్ని విచారించాలంటుంది. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి అనుమతి లేకుండా ఊరు దాటకూడదట, నేను నందిగామ దాటి విజయవాడ వెళ్ళాలన్నా అడిగే వెళ్తున్నాను.

కాబట్టి సమస్త జనుల ఎదుటా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఫలానా మాట అనవద్దని ముందుగా చెప్పిన ఏ సభలోనూ ఇకమీదట మైకు ముట్టను. ఒకవేళ ముట్టినా పొరపాటును దిద్దుకోను. ఇది రాసి మా ఆవిడకి చూపించాను. సాంతం చదివింది.

"నేరం ఒప్పుకున్నట్టేగా" అంది. "అయినా ఇప్పుడే ఎత్తెయ్యన్లే."