ఒరిజినల్ స్ప్రింగు వచ్చిన రోజు

మా ఇంట్లో తుమ్మొస్తే వరండాలోకి పరిగెత్తాలి. వేళాకోళానికి అనడం లేదు. మా ఆయన బల్ల ముందు కూర్చున్నారంటే ఫ్యాను వెయ్యకూడదు, చీపురు పట్టకూడదు, తలుపు దబాలున మూయకూడదు. ఒకసారి మా పెద్దమ్మాయి తుమ్మిన తుమ్ముకి సెకండ్ల ముల్లు ఎగిరిపోయింది. ఇంటిల్లిపాదీ నేల మీద బోర్లా పడుకుని టార్చిలైటు వేసుకుని వెతికాం. చివరికి అది ఆయన మీసంలోనే దొరికింది. అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాయను.

ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తారు. పొద్దంతా చిన్న మరలతో కుస్తీ పట్టిన మనిషి, ఇంటికొచ్చి అంతకంటే చిన్న మరలతో కుస్తీ పడతారు. వాచీల పిచ్చి. కొని కట్టుకునే పిచ్చి అయితే ఏ గొడవా లేదు. పేరున్న కంపెనీ వాచీకి డూప్లికేటు తెస్తారు. దాన్ని విప్పి, ఒక్కొక్క పార్టే తీసేసి, దాని స్థానంలో అదే కంపెనీ ఒరిజినల్ పార్టు ఎక్కడెక్కడి నుంచో తెప్పించి పెడతారు. ఒక ఏడాది ముళ్ళు, మరో ఏడాది పైఅద్దం, ఆ తరువాత తేదీ చూపించే బిళ్ళ. అసలు వాచీ కొనే తాహతు మాకు ఏడు జన్మలెత్తినా రాదు కాబట్టి, దాన్ని ముక్కలు ముక్కలుగా ఇంటికి తెచ్చుకుంటున్నారన్నమాట.

"ఎన్ని పార్టులు మారిస్తే ఇది అసలుది అవుతుందండీ?" అని అడిగాను ఒకసారి.

"ఎన్ని మార్చినా అవదు."

"మరెందుకీ గోల?"

"చూసినవాడు పోల్చుకోలేకపోవాలి. అంతే" అన్నారు, కంటికి బిగించుకున్న భూతద్దం తియ్యకుండానే. ఆ మాటకు నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఒక్కటంటే ఒక్కటి అమ్మలేదాయన. ఎవరైనా ధర అడిగితే ముఖం ముడుచుకుంటారు. అమ్మితే మోసం అంటారు. డబ్బాలో దూది మీద పడుకోబెట్టి, అప్పుడప్పుడూ తీసి చూసుకుంటారు. ఇరుగుపొరుగు మగవాళ్ళకున్న అలవాట్లతో పోలిస్తే ఇది నయమే కదా అని నేనూ ఊరుకున్నాను. నా కుట్టుమిషను ఒక మూల, ఆయన బల్ల ఇంకో మూల. అలా గడిచిపోతోంది.

ఇక మా తమ్ముడి సంగతి చెప్పాలి. నాకు ఒక్కడే తమ్ముడు. రేవులో ఓడల అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకే పని వాడిది. నీళ్ళలోనే బతుకుతాడని మా ఆయన వాడిని చేప అని పిలుస్తారు. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, చేతిలో గీకుడు పార పట్టుకుని, ఇంత పెద్ద ఇనప కడుపు కిందికి దూరతాడు. అక్కడ పైన వెలుతురు ఉండదు, ఓడ అడుగే ఉంటుంది. పైకి రావాలంటే ముందు పక్కకి ఈదుకుంటూ ఓడ కింద నుంచి బయటపడాలి. సిలిండరులో ఎంత గాలి మిగిలిందో చూపించే మీటరు ఎప్పుడో పగిలింది. కాంట్రాక్టరు ఇదిగో అదిగో అంటున్నాడు. అందుకని వాడు వాచీ లెక్క మీదే దిగుతాడు. సిలిండరు ముప్పావుగంట వస్తుంది. వాచీ అద్దం చుట్టూ ఒక రింగు ఉంటుంది. దిగే ముందు ఆ రింగు మీది బాణం గుర్తుని నిమిషాల ముల్లుకి ఎదురుగా తిప్పి పెట్టుకుంటే, ఆ తరువాత ఎంతసేపయిందో ఆ రింగే చెప్తుంది. 

మొన్న ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు వాడి పాత వాచీలోకి నీళ్ళు వెళ్ళిపోయి ఉన్నాయి. బల్ల మీద, మా ఆయన అప్పుడే పూర్తి చేసిన వాచీ ఉంది. నల్ల ముఖం, నల్ల రింగు, నీళ్ళలో దిగేవాళ్ళు కట్టుకునే రకం.

"బావా, ఇది నీళ్ళు తట్టుకుంటుందా?"

"తట్టుకోవడమేమిటి? ప్రెషరు డబ్బాలో పెట్టి మూడుసార్లు చూశాను. ఒక్క బొట్టు పోలేదు. నువ్వు మునిగినా అది మునగదురా చేపా!"

"అయితే ఇది నాది" అని వాడు చేతికి పెట్టేసుకున్నాడు. ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి కదా, ఇప్పుడు రంకె వేస్తారనుకున్నాను. వెయ్యలేదు. తన వాచీ మొట్టమొదటిసారి నిజంగా నీళ్ళలోకి వెళ్తుందని ముఖం చాటంత చేసుకుని, తనే పట్టీ బిగించి పంపించారు.

గురువారం ఆయనకు సెలవు. పొద్దున పదిన్నర అవుతుంటే కొరియరు అబ్బాయి చిన్న కవరు తెచ్చిచ్చాడు. "మీ పెళ్ళాం వచ్చిందండీ" అని బల్ల మీద పడేసి నేను మిషను దగ్గరికి వెళ్ళిపోయాను. విదేశాల నుంచి పార్టు వచ్చిందంటే ఇంట్లో కొత్తపెళ్ళికూతురు అడుగు పెట్టినట్టే ఆయనకు. కవరు కత్తిరించిన చప్పుడు వినిపించింది. ఆ తరువాత ఏ చప్పుడూ లేదు. ఎప్పుడూ ఏదో ఒకటి గొణుక్కునే మనిషి ఇంత మౌనంగా ఉన్నారేమిటా అని వెనక్కి తిరిగాను.

ముఖంలో నెత్తురు చుక్క లేదు. వేళ్ళ మధ్య గోరంత రేకు ముక్క పట్టుకుని దాన్నే చూస్తున్నారు.

"ఏమైందండీ?"

"చేప ఎక్కడున్నాడు?"

"ఎక్కడుంటాడు, పనిలో ఉంటాడు. ఏమైందంటే చెప్పరేం?"

చెప్పారు. మాట తడబడుతోంది, నాకు సగం అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాను. రింగు కింద సన్నటి రేకు స్ప్రింగు ఒకటి ఉంటుందట. దాని పనల్లా రింగుని ఒకవైపే తిరగనివ్వడం. పొరపాటున చెయ్యి తగిలి రింగు కదిలినా, ఎక్కువ టైము అయిపోయినట్టు చూపిస్తుంది తప్ప తక్కువ చూపించదు. ఆ దెబ్బకి మనిషి ముందే పైకొచ్చేస్తాడు, ప్రాణానికి ఢోకా ఉండదు. ఈయన సంపాదించిన ఒరిజినల్ రింగు ఆ డూప్లికేటు కేసులో కూర్చోలేదు. కిందున్న స్ప్రింగు ఎత్తుగా ఉందని దాన్ని అణగ్గొట్టేశారు. ఒరిజినల్ స్ప్రింగుకి రాసి పంపాను కదా, వచ్చాక పెడదాంలే అనుకున్నారు. నెలలు గడిచాయి. మరిచిపోయారు.

"ఇప్పుడు రింగు రెండువైపులా తిరుగుతుంది" అన్నారు. "గీకేటప్పుడు గ్లవ్సు అంచు తగిలినా చాలు, బాణం గుర్తు ముల్లు వైపుకి జరుగుతుంది. వాడికి టైము తక్కువయినట్టు కనిపిస్తుంది."

"ఆదివారం తెలీదా ఈ సంగతి?"

"తట్టలేదే! బల్ల మీద దాన్ని చూసుకున్నానే తప్ప వాడికి అది దేనికో అన్నది నాకు తట్టలేదు."

"కొంప ముంచారు కదండీ!" అని ఒక్క అరుపు అరిచాను. ఇంకా చాలా అరుద్దును గానీ అరవడానికి టైము లేదు. తమ్ముడికి ఫోను చేశాను. మోగుతోంది. ఎత్తడం లేదు. నీళ్ళలోకి దిగితే ఫోను పడవలో సంచిలో ఉంటుంది. మోగుతోందంటే వాడు కింద ఉన్నట్టు. మళ్ళీ చేశాను. మళ్ళీ మోగింది. మా మరదలికి చేద్దామా అనిపించి, ఏమని చెప్పను, వేలు అక్కడే ఆగిపోయింది.

స్కూటరు ఎక్కాం. బండి అటూ ఇటూ ఊగుతోంది. మామూలు రోజయితే తిట్టిపోసేదాన్ని. ఆ రోజు ఆయన నడుం పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మూస్తే నీళ్ళే కనిపించాయి. పచ్చటి చీకటి నీళ్ళు, పైన ఓడ అడుగు, దాని కింద మా వాడు. తెరిచాను. చిన్నప్పుడు నా జడ పట్టుకుని వెనకాలే తిరిగినవాడు. వాడికి ఇద్దరు పిల్లలు. దారిలో ప్రతి ఎర్రలైటూ మా కోసమే కాచుకుని వెలిగినట్టుంది.

రేవు గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "పాస్ ఉందా అమ్మా?"

"లోపల మా తమ్ముడు చచ్చిపోతున్నాడు, పాస్ అడుగుతావేంటయ్యా! తర్వాత జైల్లో పెట్టించుకో పో!" అని చెయ్యి తోసేసి లోపలికి పరిగెత్తాను. వెనక నుంచి అతను అరుస్తూనే ఉన్నాడు. మా ఆయన స్కూటరు అక్కడే పడేసి నా వెనక వచ్చారు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది.

గట్టుకి ఆనించి కట్టిన సరుకుల ఓడ పక్కన చిన్న పడవ. అందులో మా వాడిని తీసుకొచ్చే పడవవాడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని బన్ను తింటున్నాడు. సంచిలో ఫోను మెరుస్తోంది.

"వాడు ఎప్పుడు దిగాడు?" అని అరిచాను.

"ఏంటమ్మా ఆ కంగారు? ఫ్యాక్టరీ సైరన్ కూసినప్పుడు దిగాడు. వస్తాడులే."

సైరన్ కూసేది పదిన్నరకి. ఆయన తన చేతి వాచీ వంక చూసుకున్నారు. పదకొండుం పది దాటింది. ఇంకో అయిదు నిమిషాలు కూడా లేవు. ఓడ కింద నుంచి బయటికి ఈదుకొచ్చేసరికే ఆ కాస్తా అయిపోతుంది.

"పిలవండి! ఎలా పిలుస్తారు వాడిని?"

"ఇనుముతో కొడితే వినిపిస్తుంది..." అని పడవవాడు అంటూ ఉండగానే మా ఆయన పడవలోకి దూకారు. ఎప్పుడూ అంగుళం పొడవు స్క్రూడ్రైవరు తప్ప పట్టని మనిషి, పడవలో ఉన్న పెద్ద పానా రెండు చేతులతో ఎత్తి ఓడ పక్క మీద బాదడం మొదలుపెట్టారు. ఠంగ్, ఠంగ్ మని రేవంతా మోగింది. పైన ఓడ వాళ్ళు తొంగి చూసి తిట్టారు. ఆయన ఆపలేదు. చేతి చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది. "చేపా! చేపా!" అని ఏడుస్తూ బాదుతున్నారు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. నేను గట్టు మీద కూలబడి నీళ్ళ వంక చూస్తున్నాను. నీళ్ళు నూనె మరకలతో తళతళలాడుతున్నాయి తప్ప ఒక్క బుడగ లేదు. వాడు లేకుండా ఇంటికి ఎలా వెళ్ళాలి, ఆ పిల్లల ముందు ఎలా నిలబడాలి, ఈ మనిషి పక్కన ఇక జీవితమంతా ఎలా పడుకోవాలి, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి.

బుడగలు వచ్చాయి. కాస్త దూరంలో, ఓడ వెనకభాగాన. ఆ తరువాత తల. వాడు మూతి తొడుగు పీకేసి, చేప గాలిలో పడ్డట్టు నోరు తెరిచి, గాలి లాగాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పడవవాడు వెళ్ళి చంకల్లో చేతులేసి పైకి లాగాడు. నేను చీర తడుస్తోందని కూడా చూసుకోకుండా పడవలోకి దిగాను.

వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. దగ్గి దగ్గి, చివరికి బావ వైపు తిరిగాడు.

"గాలి అందలేదు బావా. గుంజుతున్నా రావట్లేదు. వాచీ చూశాను. ఇరవై నిమిషాలే చూపిస్తోంది. ఇంకా బోలెడు టైముంది కదా, సిలిండరు మూతలో ఏదో అడ్డం పడిందనుకుని, అక్కడే దాన్ని తిప్పుతూ ఉండిపోయాను. ఆ చప్పుడు వినకపోతే ఇంకా అక్కడే ఉందును." దగ్గు ఆపుకుని ఒక పిచ్చి నవ్వు నవ్వాడు. "వాచీ తప్పు చెప్తుందని తట్టనే లేదు. నువ్వు చేసింది కదా."

మా ఆయన పానా కింద పెట్టారు. ఏదో ఒకటి చెప్పి దాటేస్తారేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, దాటేయాలనే కోరుకున్నాను.

"స్ప్రింగు నేనే అణగ్గొట్టాను. రింగు రెండువైపులా తిరుగుతుంది. తెలిసి కూడా, మరిచిపోయి నీకు ఇచ్చాను" అన్నారు.

తమ్ముడు చెయ్యెత్తి వాచీని కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. రింగుని బొటనవేలితో అటు తోశాడు. ఇటు తోశాడు. రెండువైపులా సాఫీగా, చప్పుడు లేకుండా తిరిగింది. మళ్ళీ తిప్పాడు.

పట్టీ విప్పి తీసుకోబోతూ మా ఆయన వాడి మణికట్టు కోసం చెయ్యి చాపారు. వాడు చెయ్యి లాక్కున్నాడు. చంక కింద దాచుకుని, పడవలో వెనక్కి వెనక్కి జరిగి, తడి ఒళ్ళుతో నన్ను ఆనుకుని కూర్చున్నాడు.

"అక్కా, ఈయన్ని నా మీద చెయ్యి వెయ్యొద్దను" అన్నాడు.